పుస్తకాల సరసన ఒక బిద్రీ డబ్బీ

హైదరాబాదు నుండి షోలాపూరు పోవు రాజమార్గంలో, జహీరాబాదు దాటి కర్ణాటకలో అడుగిడిన పిమ్మట మన్నాఏఖేళ్ళి వస్తుంది. 1956 నవంబరు 1కి ముందు ఈ రెండు ఊళ్ళూ ఒకే బీదరు జిల్లాలోనివి. సరిహద్దు జరిగినా ఇచ్చటి మన ఇండ్లలో తెలుగు నిలిచింది. పిల్లల చదువు మాత్రం చాలవరకు వేరే భాషల్లో సాగుతున్నది.

ఇక్కడినుండి బీదరు వెళ్ళి, 1472లో మహమూద్ గవాన్ కట్టించిన మదరసాను చూచినాము. అందులో 3000 గ్రంథాలుండెడివట. 1696లో మందుగుండు పేలి చాలభాగం కూలింది. అట్టి సీమలో బడి గ్రంథాలయం తాళం వేసిన బీరువాగా ఉండరాదని మాకు తోచింది.

బిద్రీ పనివారు జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోస్తారు. చెక్కిన గీతల్లో వెండితీగ పొదుగుతారు. కోటమట్టిని నవాసాగరంతో కలిపి పూయగా లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగానే మిగులుతుంది.

అట్టి డబ్బీ ఒకటి, భూతద్దం, అయస్కాంతం బడిలో పుస్తకాల సరసన ఉంచితే చాలు. పిల్లలు తాకి చూడాలి. అయస్కాంతం అంటదేమి? వెండి నల్లబడదేమి? అని వారడిగినప్పుడు జవాబు చెప్పక, పుస్తకం చేతికివ్వాలి.

పాఠకులకు మా మనవి ఒక్కటే. మీ అటకమీది సోల, తవ్వ, మానిక కూడ ఆ బల్లమీదికి పంపండి. మానికకు ఎన్ని సోలలో పిల్లలే బియ్యం పోసి తేల్చుకుంటారు. కొలతతోపాటు ఆ తెలుగు మాటలూ వారికి దక్కుతాయి.