ఐదొందల గ్రాముల పాఠం

మ్యాచ్ అయిపోయింది. 60 షాట్లు, 561 పాయింట్లు. అప్పటిదాకా నా బెస్ట్ స్కోర్ అదే. నాన్నకి ఫోన్ చేద్దామని బ్యాగ్ సర్దుకుంటుంటే ఒక అఫీషియల్ పిలిచారు. "ర్యాండమ్ చెకింగ్ అమ్మా, పిస్టల్ తీసుకుని రా."

10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములు ఉండాలి. చెక్ చేసే పద్ధతి సింపుల్. గన్ కాక్ చేసి, బ్యారెల్‌ని నిటారుగా పైకి పట్టుకుని, 500 గ్రాముల బరువును ట్రిగ్గర్‌కి తగిలించి లేపుతారు. బరువు లేవాలి, గన్ పేలకూడదు. మూడు ఛాన్సులు ఇస్తారు. నాది మూడుసార్లూ టప్‌మని పేలింది.

డిస్‌క్వాలిఫైడ్. 561 కాస్తా గాల్లో కలిసిపోయింది. పొద్దున ఇదే గన్ పాసైందని ఎంత చెప్పినా లాభం లేదు. తప్పు నాదే మరి.

ఆ తప్పు ఆరు వారాల ముందే మొదలైంది. నాది సెకండ్ హ్యాండ్ పిస్టల్. నాన్న బైక్ మెకానిక్. ఆయన ఏడాదిన్నర దాచిన డబ్బుతో కొన్నది. స్కోరు 545 దగ్గర ఆగిపోయింది. రాత్రిళ్లు వీడియోలు చూసీ చూసీ, లోపం నాలో కాదు, ట్రిగ్గర్‌లో ఉందని డిసైడైపోయాను. ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర కొత్త ట్రిగ్గర్ బ్లేడ్, స్ప్రింగ్ సెట్ తెప్పించా. 6,500 రూపాయలు. కోచ్ సార్‌కి చెప్పలేదు. నాన్నకైతే అసలే చెప్పలేదు.

మొదటి వారం అద్భుతం. వేలు పెడితే చాలు, వెన్నలా జారేది. స్కోరు 550 దాటింది. 505 గ్రాములకు సెట్ చేసి, 'ఐదు గ్రాములు ఎక్కువే ఉందిగా' అనుకున్నా. కానీ కొత్త స్ప్రింగ్ వాడేకొద్దీ మెత్తబడుతుందని, స్క్రూ కొంచెం లూజైనా ఆ ఐదు గ్రాములు ఎగిరిపోతాయని నాకు తట్టలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, సరిగ్గా అదే.

ఆ రాత్రి ఏడుస్తూ మొత్తం చెప్పేశా. నాన్న తిట్టలేదు. చేతికున్న గ్రీజు తుడుచుకుంటూ ఒక్క మాటన్నాడు. "సీటు కవరు బయటిది ఏస్కో బిడ్డా, ఏం కాదు. బ్రేక్ షూలు మాత్రం కంపెనీవే ఎయ్యాలె."

ఆయన ఎప్పుడూ పిస్టల్ పట్టుకోలేదు. అయినా అసలు విషయం అదే. గన్‌లో కొన్ని పార్టులు మన ఒంటికి సంబంధించినవి. గ్రిప్ అలాంటిది. కంపెనీ స్మాల్, మీడియం, లార్జ్ అని చేస్తుంది. నా అరచెయ్యి ఏ సైజుకీ సరిగ్గా కుదరదు. అక్కడ మార్పు చేసుకోవడం అవసరమే. ట్రిగ్గర్ స్ప్రింగ్, సియర్, వాల్వ్, సిలిండర్ మాత్రం లోపలి లెక్క. ఒకదాన్ని కదిలిస్తే ఇంకోదాని లెక్క తప్పుతుంది. సిలిండర్‌లో దాదాపు 200 బార్ ప్రెషర్‌తో గాలి ఉంటుంది. అక్కడ ప్రయోగాలు చేస్తే పోయేది స్కోరొక్కటే కాదు.

అలాగని కంపెనీ పార్ట్ అయితే చాలు, ఇక నిశ్చింత అని కూడా అనుకోవద్దు. టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ మ్యాచ్ మధ్యలో మొరాయించింది. బాగుచేసుకుని వచ్చేసరికి విలువైన నిమిషాలు పోయాయి. 575తో 12వ స్థానం, రెండు పాయింట్ల తేడాతో ఫైనల్ మిస్. అదే మను 2024లో పారిస్‌లో రెండు కాంస్యాలు తెచ్చింది. నాకు అర్థమైంది ఏంటంటే, కొత్త పార్ట్ కోసం పెట్టే డబ్బు ముందు సర్వీసింగ్‌కి, స్పేర్‌కి పెట్టాలి.

అదే పారిస్‌లో జేబులో చెయ్యి పెట్టుకుని సిల్వర్ కొట్టిన టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ మీమ్స్ మీరూ ఫార్వర్డ్ చేసే ఉంటారు. స్పెషల్ లెన్సులు లేవు, హడావుడి లేదు. కానీ ఆయన చేతిలో ఉన్నది మామూలు గన్ కాదు, పోటీల కోసం చేసిన పిస్టలే. ఆయన వెనకున్న ఏళ్ల ప్రాక్టీస్ ఆ ఫొటోలో కనిపించదు, అంతే.

మర్నాడే పాత కంపెనీ స్ప్రింగ్ మళ్లీ వేయించాను. సార్ దాన్ని 520 దగ్గర సెట్ చేశారు. తర్వాత 250 రూపాయల వుడ్ పుట్టీ, రెండు గరుకు కాగితాలు తెమ్మన్నారు. బొటనవేలి కింద కాస్త పుట్టీ పూయడం, ఆరాక రుద్దడం, పట్టుకుని చూడడం, మళ్లీ రుద్దడం. రెండు వారాలు పట్టింది. చూడ్డానికి నా గ్రిప్ ఇప్పుడు గోడకి ప్యాచ్ వేసినట్టు ఉంటుంది. కానీ కళ్లు మూసుకుని చెయ్యెత్తి, తెరిచి చూస్తే సైట్లు దాదాపు లైన్‌లోనే ఉంటున్నాయి.

ఈమధ్య ఏ పార్ట్ కొనాలనిపించినా నన్ను నేను మూడు ప్రశ్నలు అడుగుతున్నా. దీనివల్ల తీరే ఇబ్బంది ఏంటో ఒక్క వాక్యంలో చెప్పగలనా? రూల్ బుక్ ఒప్పుకుంటుందా? మ్యాచ్ రోజు ఇది ఫెయిలైతే బాగుచేసేవాళ్లు మా ఊళ్లో ఉన్నారా? ఇప్పటివరకు చాలా పార్టులు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాయి.

పోయిన నెల మ్యాచ్‌లో 558 కొట్టాను. మళ్లీ ర్యాండమ్ చెకింగ్‌కి పిలిచారు. మొదటిసారే బరువు లేచింది, గన్ పేలలేదు. 561 కంటే మూడు పాయింట్లు తక్కువే. కానీ ఇది రిజల్ట్స్ షీట్ మీద నా పేరు పక్కన ఉంది. ఆ షీట్ ఫొటో నాన్న షాపులో, టూల్ బోర్డు పక్కన అతికించాడు.