చక్కబడిన కాలు

ప్రియ చదువరీ, మోకాలి నొప్పికి ఎముక కోయించుకొని వచ్చినవారు నీ యింటనుండినను పొరుగింటనుండినను, వారి కాలును చూచి తొందరపడి మాటాడకుము. ఎందుకో చెప్పెదను.

నాకు చిన్ననాటనుండి దొడ్డికాళ్లు. అట్టివారికి దేహభారము మోకాలి లోపలి ప్రక్కనే ఎక్కువగా పడును. వంకరగా తిరుగు బండిచక్రమునకు ఒక అంచే అరిగినట్లు, నా కుడి మోకాలిలో లోపలి ప్రక్కనున్న మెత్తని పొర అరిగెను. వెలుపలి ప్రక్క బాగుగనే యుండెను. కనుక కీలు మార్చనక్కరలేదు, మోకాలి క్రింది పెద్ద యెముకను కోసి కాలిని సరిచేసిన చాలునని వైద్యులనిరి.

ఇది క్రొత్త చికిత్స కాదు. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు మార్క్ కొవెంట్రీ 1965లో దీనినిగూర్చి వ్రాసెను. ఆయన ఎముక వెలుపలి ప్రక్కనుండి ముక్కోణపు ముక్కను తీసెడివాడు. నాకైతే లోపలి ప్రక్క కోసి, సందు తెరచి, లోహపు పలకతోను మరలతోను బిగించిరి.

చంకకర్రలతో ఇల్లు చేరగా మా అక్క చూచి, "తమ్ముడా, వంకర తీయుమంటే ఈ ప్రక్కకు వంచినారేమిరా!" అని కన్నీరు పెట్టెను. నిజమే, ఆ మోకాలు కొంచెము లోపలికి వాలినట్లుండెను. ఈ కాలితో పొలము గట్టు నెక్కగలనా యని ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

తరువాత వైద్యుడు నన్ను నిలువబెట్టి, తుంటి మొదలు చీలమండ వరకు ఎక్సరే తీయించెను. మేస్త్రి గుండుదారము వదలి గోడను చూచునట్లు, తుంటికీలు నడుమనుండి చీలమండ నడుమకు గీత గీసెను. మునుపు ఆ గీత మోకాలి లోపలి అంచున పోయెడిది. ఇప్పుడు నడిమిని దాటి కొంచెము వెలుపలికి పోవుచున్నది. మోకాలి వెడల్పును లోపలి అంచునుండి 100 పాళ్లుగా కొలిచి, అనేక వైద్యులు 62వ పాలు దగ్గర గురిపెట్టుదురు. అరిగిన ప్రక్కకు భారము తగ్గించుటకే ఇట్లు చేయుదురు. చాలనంత సరిచేయనియెడల పాత నొప్పి మరలవచ్చును. మితిమీరిన మంచి ప్రక్క అరుగును.

అరిగిన పొర నాకు తిరిగి క్రొత్తది కాలేదు. అయినను నొప్పి తగ్గెను, గట్టు నెక్కుచున్నాను.

చదువరీ, ఇట్టి కాలిని కంటితో కొలువకుము. ఎముక అతుకువరకు వైద్యుడు చెప్పినంత బరువే మోపవలెను. కాలు దినదినము మరింత వంగినను, నొప్పి హెచ్చినను ఆలస్యము చేయక చూపించుము. నిలువబెట్టి తీసిన ఎక్సరేలో ఆ గీత ఎక్కడ పోవుచున్నదో చూపుమని అడుగుము. అడుగుటకు సిగ్గుపడకుము.