కారు వద్దంది మా అక్క

విశాఖపట్నం ఆర్కే బీచ్ నుంచి భీమిలికి సుమారు 30 కిలోమీటర్లు. కారులో అయితే గంటలోపే. ఈ జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారం, నేనూ మా తోడికోడలూ సైకిళ్ళ మీద వెళ్ళాం. దారిలో ఆగినచోటల్లా ఆగుతూ వెళ్తే ఐదున్నర గంటలు పట్టింది. "మేమూ వెళ్ళగలమా?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. వాళ్ళకోసమే ఇది.

తోడికోడలంటే మా బావగారి భార్య. నేను అక్కా అనే పిలుస్తాను. వయసు 56. బావగారు పోయి రెండేళ్ళవుతోంది. అక్క పుట్టిల్లు భీమిలి. వాళ్ళ నాన్నగారు చిట్టివలస జూట్ మిల్లులో పనిచేసేవారు. రోజూ సైకిలు మీదే వెళ్ళొచ్చేవారట. సాయంత్రం ఆయన ఇంటికి రాగానే అక్క ఆ సైకిలు పట్టుకుని వీధిలోకి పరుగు. సీటు అందదు కదా, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కేదట. పదమూడో ఏట పెద్దమనిషైంది. ఆ రోజు నుంచి సైకిలు అన్నయ్యలది.

ఆ అన్నయ్యలిద్దరూ ఈ పండక్కి భీమిలిలో కలిశారు. ఇల్లు అమ్మేద్దామనుకున్నారు. భోగాపురం విమానాశ్రయం పనులు మొదలయ్యాక ఆ వైపు స్థలాలు అడిగేవాళ్ళు పెరిగారు. "నువ్వొచ్చి ఒక్క సంతకం పెట్టేస్తే చాలమ్మా, కారు పంపిస్తాం" అని పెద్దన్నయ్య ఫోను. "కారొద్దన్నయ్యా, నేనే వస్తాను" అని పెట్టేసి, నా వైపు తిరిగి "సైకిలు మీద వెళ్దామా?" అంది. నేను నవ్వాను. అక్క నవ్వలేదు.

అక్కకి సైకిలుంది. మోకాళ్ళ నొప్పులకి డాక్టరు తొక్కమంటే నిరుడు కొనుక్కుంది, ముందు బుట్ట ఉన్న లేడీస్ సైకిలు. నాది మా అబ్బాయి ఇంజనీరింగుకి వెళ్తూ వదిలేసిన గేర్ల సైకిలు. "బావగారు పోయి రెండేళ్ళు కాలేదు, అప్పుడే షికార్లు" అని మా అపార్టుమెంటులో ఒకావిడ అన్నారని తెలిసింది. ఆ సంగతి అక్కడితో వదిలేద్దాం.

ముందు పనికొచ్చే మాటలు చెప్తాను. సీటు ఎత్తు చూసుకోండి. పెడల్ కిందికి వెళ్ళినప్పుడు మోకాలు దాదాపు సాగాలి, కొంచెం మాత్రమే వంగి ఉండాలి. మనవాళ్ళు భయంకొద్దీ సీటు బాగా కిందికి దించేస్తారు, మోకాళ్ళ నొప్పి అక్కడే మొదలు. చున్నీ వెనక్కి తీసి నడుముకి ముడేసుకోండి. చెరో రెండు నీళ్ళ సీసాలు, గాలి పంపు, పంక్చరు సామాను. నేను రాత్రే పులిహోర కలిపి పెట్టాను. మా ఆయనకి ఇడ్లీపిండి ఫ్రిజ్జులో ఉందని మాత్రం చెప్పాను, పాత్ర ఎక్కడుందో ఆయనే వెతుక్కున్నారు.

ఐదున్నరకి బయల్దేరాం. అంత పొద్దున్నే బీచ్ రోడ్డులో నడకవాళ్ళే ఎక్కువ, బండ్ల గోల లేదు. చీకట్లో కురుసురా జలాంతర్గామి పెద్ద చేపలా పడుకుని ఉంది. లాసన్స్ బే దాటాక కైలాసగిరి పక్కన ఎత్తు వస్తుంది. కారులో అక్కడ ఎత్తుందని నాకెప్పుడూ తెలియలేదు. సైకిలుకి తెలుస్తుంది! గేరు తగ్గించి నేను మెల్లగా లాక్కొచ్చాను. గేర్లు లేని అక్క మొహమాటపడకుండా దిగి నడిపించుకొచ్చింది. తెన్నేటి పార్కు దగ్గర తెల్లవారింది. 2020 అక్టోబరులో గాలివానకి బంగ్లాదేశ్ ఓడ 'ఎం.వి. మా' కొట్టుకొచ్చి చిక్కుకున్నది ఇక్కడే.

రుషికొండ దాటాక ఊరు పల్చబడుతుంది. మంగమారిపేట దగ్గర మత్స్యకారుల పడవలు, ఆరేసిన వలలు. గంప ఎత్తుకున్న ఒక మామ్మ మమ్మల్ని ఆపి మరీ అడిగింది, "ఏటమ్మా, బండి లేదేటి మీకు?" అని. "ఉంది మామ్మా, ఇదే" అంది అక్క.

రోడ్డుకి ఎడంపక్క కొండ మీద తొట్లకొండ. పైదాకా రోడ్డుంది కానీ సైకిళ్ళు నడిపించుకునే ఎక్కాం. ఇది చూడకుండా మాత్రం రాకండి. నేవీవాళ్ళు ఆకాశం నుంచి సర్వే చేస్తే బయటపడ్డ చోటు ఇది. 1988 నుంచి 1992 దాకా తవ్వితే రెండువేల ఏళ్ళకి పైబడిన బౌద్ధారామం కనిపించింది. స్తూపాలు, భిక్షువుల గదుల వరసలు ఉన్నాయి. శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి, అంటే ఈ సముద్రం మీద అప్పుడే అంత రాకపోకలన్నమాట. నన్ను ఆపేసింది మాత్రం వంటశాల, భోజనశాల. గోడల మొదళ్ళే మిగిలాయి. వాన నీళ్ళు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లు ఇంకా ఉన్నాయి. కొండకి పేరొచ్చింది వాటివల్లే. కొండ మీద అంతమందికి నీళ్ళు, వంట, గిన్నెలు కడగడం! ఎవరు చేసేవారో అనుకుంటూ ఆ తొట్టి అంచున కూర్చుని పులిహోర తిన్నాం. కింద సముద్రం ఎంత దూరం కనిపిస్తుందో చెప్పలేను.

దిగేటప్పుడు జాగ్రత్త. వెనక బ్రేకు ముందు నొక్కి, తర్వాతే ముందు బ్రేకు మెల్లగా. భయమేస్తే దిగి నడవండి, ఎవరూ మార్కులు వెయ్యరు.

తొమ్మిది దాటాక ఎదురుగాలి మొదలైంది. శీతాకాలంలో ఇక్కడ గాలి ఈశాన్యం నుంచి, మనం వెళ్ళేదీ సరిగ్గా అటే. నేను ముందుంటే అక్కకి కాస్త గాలి తగ్గుతుంది, తర్వాత తను ముందు. అలా మార్చుకుంటూ ఎర్రమట్టి దిబ్బల దాకా వెళ్ళాం. వేల ఏళ్ళుగా సముద్రం ముందుకీ వెనక్కీ జరుగుతూ, గాలి ఇసకని ఎగరేసి పోగేస్తే ఏర్పడ్డ దిబ్బలివి. ఇసకలోని ఇనుము వల్ల ఆ ఎరుపు. భూగర్భ వారసత్వ స్థలంగా ప్రకటించారు కానీ, మెత్తటి మట్టి, ఒక్క వానకే కొత్త గాడి పడుతుంది. మేం అంచునే నిలబడ్డాం, ఎక్కి తొక్కలేదు.

అక్కడ అడిగాను, "సంతకం పెడతావా అక్కా?" అని.

సీసాలో నీళ్ళన్నీ తాగింది ముందు. "పెడితే ఇల్లు పోతుంది, పెట్టకపోతే అన్నయ్యలు పోతారు" అంది. తర్వాత చెయిన్ ఏదో చప్పుడు చేస్తోందని వంగి చూడటం మొదలుపెట్టింది. చెయిన్ బాగానే ఉంది.

భీమిలి పొలిమేర నుంచి అక్కకి నా అవసరం లేకపోయింది. సందులన్నీ తనవే. డచ్చివాళ్ళ సమాధుల దగ్గర ఆగింది. పదిహేడో శతాబ్దంలో వర్తకానికొచ్చి ఇక్కడే మట్టిలో కలిసినవాళ్ళు. కోసుగా లేచిన ఎత్తైన కట్టడాలు, కింద మనకి రాని భాషలో చెక్కిన పేర్లు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు ఇది. చిన్నప్పుడు సైకిలు ఈ గోడకి ఆనించి తనూ స్నేహితురాళ్ళూ దాగుడుమూతలాడేవారట. తర్వాత లైట్‌హౌస్, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. అంతా చూపించింది. ఇంటికి వెళ్ళడం ఆలస్యం చేస్తోందని నాకర్థమైంది. నేనేమీ అనలేదు.

ఇంట్లో భోజనాలు బాగా జరిగాయి. పెద్దవదిన పనసపొట్టు కూర వండారు. "ఈ వయసులో సైకిలేమిటమ్మా" అని చిన్నన్నయ్య నవ్వారు. కాఫీలయ్యాక రిలీజ్ డీడ్ కాగితాలు బల్ల మీదికి వచ్చాయి, పక్కనే పెన్ను. అక్క కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివింది. చాలాసేపు పట్టింది.

"ఇందులో నాకేమీ వద్దని నేనే ఇష్టపడి రాసినట్టుంది కదన్నయ్యా."

"అలాగే రాస్తారమ్మా, అది పద్ధతి."

ఒక మాట మనందరికీ తెలిసుండాలి. తండ్రి సొంత సంపాదనతో కట్టిన ఇల్లయి, వీలునామా రాయకుండా పోతే, కొడుకులతో సమానంగా కూతురికీ వాటా ఉంటుంది. అది 1956 హిందూ వారసత్వ చట్టంలోనే ఉంది. 2005 సవరణ గురించి అందరూ చెప్తారు, అది పూర్వీకుల ఆస్తి సంగతి. ఇక్కడ అక్కర్లేదు. అక్కకి ఇవన్నీ తెలుసు. బావగారి పెన్షను కాగితాల కోసం తిరిగిన రెండేళ్ళలో చాలా నేర్చుకుంది.

"ఇవి తీసుకెళ్తాను. నిదానంగా చదువుకుని చెప్తాను" అని మడిచి సంచిలో పెట్టుకుంది. సంతకం పెట్టలేదు, పెట్టనని కూడా అనలేదు. పెద్దన్నయ్య ముఖం మారింది. అయినా గుమ్మం దాకా వచ్చి, చీకటి పడేలోపు చేరలేరు, సైకిళ్ళతో సహా ఆటో ట్రాలీలో పంపిస్తానన్నారు. అక్క వద్దంది.

మూడింటికి బయల్దేరాం. పొద్దుటి ఎదురుగాలే ఇప్పుడు వెనకనుంచి తోస్తోంది. తొట్లకొండ ఎక్కే పనిలేదు, ఎక్కడా ఎక్కువసేపు ఆగే పనిలేదు. మంగమారిపేటలో పొద్దుటి మామ్మ కనిపిస్తే అరగంట బేరమాడి ఎండు నెత్తళ్ళు కొంది అక్క. బుట్టలో అడుగున కాగితాలు, మధ్యలో ఫోను, పైన నెత్తళ్ళు. వాసన నాదాకా వస్తోంది. రుషికొండ దగ్గర ఫోను మోగింది. "పెద్దన్నయ్యేమో అక్కా, ఆగుదామా?" అన్నాను.

"ఇంటికెళ్ళాక మాట్లాడతాలే. గాలి వెనకుంది, ఇప్పుడాగితే నష్టం" అంది, తొక్కుతూనే.