తెలుపంటే కాగితమేనట

మా గోడ మీద తెలుపు వెయ్యడానికి పిడికెడు బియ్యప్పిండి, కాసిన్ని నీళ్లు, కొస చితక్కొట్టిన వెదురుపుల్ల చాలు. ఎర్రమట్టి అలికిన గోడ ఆరగానే బొమ్మ లేస్తుంది. సూర్యుడు, చంద్రుడు, చేతులు పట్టుకుని ఆడే మనుషులు, నెమలి, చెట్టు. సవర ఇళ్లలో పుట్టిన మాకు తెలుపు కష్టమైన రంగని ఎప్పుడూ అనిపించలేదు. పసుపు ప్యాకెట్లు అమ్మడం మొదలుపెట్టాకే ఆ కష్టం తెలిసింది.

సీతంపేట కొండల్లో మేం పదకొండు మంది ఆడవాళ్లం. పసుపు కొమ్ములు ఉడకబెట్టి, ఎండబెట్టి, మర ఆడించి అమ్ముకుంటాం. సంతలో కొమ్ములుగా అమ్మితే షావుకారు చెప్పిందే ధర. పొడి చేసి ప్యాకెట్టులో పెడితే ధర మేం చెప్పొచ్చు. కానీ ప్యాకెట్టు అన్నాక బొమ్మ కావాలి. పట్నంలో మాకు చూపించిన బొమ్మలన్నిటిలోనూ తలకి ఈకలు పెట్టుకున్న మనిషి ఉన్నాడు. అలాంటివాడు మా ఊళ్లో ఒక్కడూ లేడు. మా బొమ్మ మేమే వేసుకుంటామన్నాం.

దానికి ముందు ఊళ్లోనే గొడవైంది. గోడబొమ్మ అందానికి వేసేది కాదు. పెద్దల కోసం, దేవతల కోసం వేసేది. "ప్యాకెట్టు చింపి పెంటలో పారేస్తారు. దాని మీద ఇంటి బొమ్మ వేస్తారా?" అన్నాడు బొమ్మలేసే తాత. మా దగ్గర జవాబు లేదు. రెండు వారాల తర్వాత ఆయనే దారి చెప్పాడు. చుట్టూ గీసే చతురం వద్దు, సూర్యచంద్రులు వద్దు. పసుపు తవ్వే ఆడవాళ్లనీ, గంపనీ, కొండనీ, నెమలినీ వేసుకోండి అన్నాడు. చతురం లేకపోతే అది ఇల్లు కాదు, దోషం లేదు.

తొలిసారి తెల్ల స్టిక్కరు మీద ఆఫ్‌సెట్‌లో వేయించాం. ఆ మిషన్లో నాలుగే ఇంకులు: నీలం, గులాబీ, పసుపు, నలుపు. "మరి తెలుపెక్కడ బాబూ?" అనడిగితే ప్రెస్సాయన నవ్వాడు. "తెలుపంటే కాగితమేనమ్మా" అన్నాడు. మేం గోడ అలికి దాని మీద బొమ్మ వేస్తాం. మిషను బొమ్మని వదిలేసి చుట్టూ గోడ అలుకుతుంది. ఎర్రమట్టి రంగు రావాలంటే ఇంకులన్నీ ఒకదాని మీద ఒకటి పడాలి. ఏ ఒక్కటి వెంట్రుకవాసి పక్కకి జరిగినా మా సన్నగీతల్లోకి వచ్చేస్తుంది. ఆడవాళ్ల చేతులు తెగిపోయాయి. నెమలికి గులాబీ అంచు వచ్చింది. రెండో తడవ వేయిస్తే మట్టి రంగే మారింది. ఒక కట్ట ఎర్రగా, ఇంకో కట్ట మాడిన ఇటుకలా వచ్చాయి. పక్కపక్కన పెడితే రెండు ఊళ్ల పసుపులా కనిపించాయి.

మట్టి రంగుని విడిగా కలిపించి ఒకే ఇంకుగా వేస్తే ఈ తేడా తగ్గుతుందట. కానీ మిషన్ కడిగి ఆ ఇంకు పొయ్యాలంటే వేల స్టిక్కర్లు వేయించుకోవాలి. మా పసుపంతా పోసినా అన్ని ప్యాకెట్లు నిండవు.

అప్పుడు మాలో ఒకామె అంది, "గోడ రంగు కవరే దొరుకుతోంది కదా, గోడ మళ్లీ ఎందుకు అలకడం?" నిజమే. మట్టిరంగు క్రాఫ్ట్ కవర్లు 500 కొన్నాం. ప్రెస్సాయన తెలుపు ఖరీదని, ఉన్న పల్చటి ఇంకులతోనే వేసేద్దామన్నాడు. మేమూ ఊఁ అన్నాం. ఆ తప్పు మాదే. పల్చటి ఇంకులోంచి కింది కాగితం కనిపిస్తుంది. పసుపు రంగు ఎండుటాకు రంగైంది. ఆకుపచ్చ పేడ రంగుకి తిరిగింది. బొమ్మ సంగతి సరే, అసలు దెబ్బ చిన్న చుక్క దగ్గర తగిలింది. ఆహారపు ప్యాకెట్టు మీద శాకాహారానికి ఆకుపచ్చ చుక్క ఉండాలి. మాంసాహారం గుర్తు గోధుమరంగు. ఇదివరకు అదీ గుండ్రటి చుక్కే, ఇప్పుడు త్రికోణం చేశారు. మా చుక్క గోధుమరంగులో కనిపించింది. "పసుపులో మాంసం కలిపారా అమ్మా?" అని కొట్టువాళ్లు నవ్వి 500 ప్యాకెట్లూ తిప్పి పంపారు. కవర్ల డబ్బు మా పొదుపులోంచి పోయింది. ఆ నెల ఇద్దరం సంఘానికి రావడం మానేశాం. తర్వాత వచ్చాం.

చివరికి తెలుపు ఇంకే వేయించాం. అందులో టైటానియం డయాక్సైడ్ అనే తెల్లటి పొడి ఉంటుంది. అదే కిందిరంగుని కప్పుతుంది. స్క్రీన్ మీద పోసి రబ్బరు బద్దతో చేత్తో లాగుతారు. ఒక పూతకి బూడిదరంగే వచ్చింది, పొయ్యి పక్కన గోడలాగ. రెండో పూత సరిగ్గా మొదటిదాని మీదే పడాలి. సన్నగీతలు పడలేదు, మూసుకుపోయాయి. తాతని మళ్లీ గియ్యమన్నాం, లావుగా. "చెయ్యి వణికితే లావు గీత వస్తాది. ఇప్పుడు కావాలనే గియ్యమంటారా?" అని కసిరాడు. కానీ గీశాడు. నెమలికి ఈకలు తగ్గించాడు. ఆడవాళ్లకి మాత్రం వేళ్లు ఉంచాడు.

చుక్కకి ముందు తెల్లటి బిళ్ల వేసి, ఆరాక దాని మీద ఆకుపచ్చ వేశారు. ఇప్పుడు ఆకుపచ్చ ఆకుపచ్చగానే ఉంది. కవరుకి 2 రూపాయలు ఎక్కువైంది. ఇంకు ఆహారపు ప్యాకెట్లకి తగినదేనా అని కూడా అడగడం నేర్చుకున్నాం. దానికి ఐ.ఎస్. 15495 అనే ప్రమాణం ఉంది. 2018 నిబంధనలు ఆ ప్రమాణమే పాటించమంటాయి, పాత పేపర్లో ఆహారం పొట్లం కట్టొద్దనీ చెబుతాయి. మనం సంతలో పకోడీ తినేది మాత్రం ఇంకా పాత పేపర్లోనే.

అంతా అయిందనుకున్నాక పసుపే అడ్డొచ్చింది. పొడి నింపే చేతులతో కవరు పట్టుకుంటే తెల్లబొమ్మ పచ్చగా అయిపోతోంది. తుడిస్తే ఇంకా అలుముకుంటుంది. అందుకని ఇప్పుడు నింపేవాళ్లు వేరు, అంటించేవాళ్లు వేరు. అంటించేవాళ్లు ఆ పూట పసుపు ముట్టరు.

ప్రతి కొత్త కట్టనీ పాతదానితో పోల్చుకోవాలని మంచి ప్యాకెట్టొకటి గోడకి అంటించాం. వానాకాలం గడిచేసరికి పొగకి దాని తెలుపే మసకబారింది. ఆ మధ్య వచ్చిన కట్టలో ఒక్క పూతే వేశారు. గోడ మీదిదానితో పోల్చి బాగానే ఉందనుకుని తీసేసుకున్నాం. ఇప్పుడు నమూనా ప్యాకెట్టుని ట్రంకు పెట్టెలో, సంఘం పుస్తకాల మధ్య పెడుతున్నాం. తాళం నింపేవాళ్ల దగ్గర ఉండదు.