గోడలకే ధీమా... సామాన్లకో?

2024 సెప్టెంబరు 1, ఆదివారం. విజయవాడ సింగ్‌నగర్‌ వీధుల్లోకి బుడమేరు నీళ్లు వచ్చేశాయి. ఓ ఇంట్లో భార్యాభర్తలు పిల్లల్నీ కాగితాల సంచీనీ పట్టుకుని డాబా ఎక్కారు. నీళ్లు తీశాక దిగి చూస్తే... ఫ్రిజ్‌ బోర్లా పడి ఉంది. పెళ్లి పట్టుచీర నిండా బురదే. పరుపులు, టీవీ, వాషింగ్‌ మెషీన్‌ అన్నీ పోయాయి.

‘ఇంటికి ఇన్సూరెన్స్‌ ఉందిగా, దిగులెందుకు’ అన్నాడాయన. గృహరుణం ఇచ్చేటప్పుడు బ్యాంకువాళ్లు కట్టించిన పాలసీ అది. ఆమె సంచీలోంచి తీసి చదివింది. ‘ఏవండీ, ఇందులో మన సామాన్ల మాటే లేదు!’

ఉబ్బిన తలుపులకూ, పాడైన వైరింగుకూ పరిహారం అడగొచ్చు. ఫ్రిజ్‌కు మాత్రం కాదు. నేల అంతస్తు ఇళ్లకు ప్రభుత్వమిచ్చిన 25 వేలు ఏ మూలకు?

బీమా లెక్కలో ఇల్లంటే రెండు. గోడలు, పైకప్పు, తలుపులు ‘బిల్డింగ్‌’. ఇల్లు మారేటప్పుడు లారీ ఎక్కేవన్నీ ‘కంటెంట్స్‌’. 2021 ఏప్రిల్‌ 1 నుంచి సాధారణ బీమా సంస్థలు ఒకే నిబంధనలతో ‘భారత్‌ గృహరక్ష’ పాలసీ ఇస్తున్నాయి. అగ్నిప్రమాదం, తుపాను, వరద, భూకంపం వంటివన్నీ అందులో ఉంటాయి. దీనికి స్థలం ధరతో పనిలేదు, తిరిగి కట్టడానికయ్యే ఖర్చే లెక్క. వెయ్యి చదరపు అడుగుల కార్పెట్‌ ఏరియా, అడుగుకు రెండు వేల ఖర్చు అనుకుంటే బీమా 20 లక్షలు. రెండూ కలిపి తీసుకుంటే సామాన్లకు అందులో 20 శాతం, అంటే 4 లక్షలు, దానంతటదే వస్తుంది. దీనికి గరిష్ఠ పరిమితి 10 లక్షలు. అంతకుమించి కావాలంటే జాబితా రాసివ్వాలి. అద్దెకుండేవాళ్లు సామాన్లకే తీసుకోవచ్చు.

అయితే నగలకు విడిగా విలువ కట్టించుకోవాలి. నగదుకు బీమా ఉండదు. మామూలు దొంగతనమూ ఇందులోకి రాదు. వరదలాంటి ప్రమాదం జరిగిన ఏడు రోజుల్లోపు జరిగే చోరీకే వర్తిస్తుంది.

ఇప్పుడా ఇల్లాలి ఫోన్లో ప్రతి గది ఫొటో ఉంది, బిల్లులు సహా. అవే వేరే ఊళ్లో ఉన్న తమ్ముడికీ పంపి ఉంచింది. కొత్త పాలసీ వచ్చినరోజు ఆయన సంతకం పెట్టబోతుంటే ఆపి, తనే ముందు చదివింది. ‘కంటెంట్స్‌’ అన్న మాట కనిపించాకే పెన్ను ఆయన చేతికిచ్చింది.