యూస్టన్ నుంచి క్వీన్ స్క్వేర్ దాకా

లండన్ నల్ల టాక్సీ డ్రైవర్లంటే వాగుడుకాయలని పేరు. వాతావరణంతో మొదలుపెట్టి, ఫుట్‌బాల్ మీదుగా వెళ్లి, మేయర్‌ని తిట్టడం దగ్గర తేలతారని ఇక్కడివాళ్లే జోకులేస్తారు. పదకొండేళ్లుగా హారోలో ఉంటున్నా నాకది విన్న మాటే తప్ప అనుభవం కాదు. ట్యూబూ బస్సూ ఉండగా అంత డబ్బు పోసి ఎవరెక్కుతారు? కిందటేడు ఆగస్టులో మా అత్తయ్యకు స్ట్రోక్ వచ్చాక మాత్రం వారానికి రెండుసార్లు ఎక్కాల్సి వచ్చింది. సెప్టెంబరు నుంచి క్రిస్మస్ ముందు వారం దాకా. లెక్కేస్తే ముప్పై ప్రయాణాలు.

హారో అండ్ వీల్డ్‌స్టోన్ స్టేషన్లో లిఫ్టుంది కాబట్టి చక్రాల కుర్చీతో యూస్టన్ దాకా రైల్లో వెళ్లిపోవచ్చు. అక్కణ్ణుంచి ఆసుపత్రులున్న క్వీన్ స్క్వేర్ నడిస్తే ఇరవై నిమిషాలే, కానీ వానలో కుర్చీ తోసుకుంటూ కాదు. బస్సులో కుర్చీకి ఒక్కటే చోటు, అందులో అప్పటికే ఎవరిదో పసిపిల్ల తోపుడుబండి ఉంటుంది. సొంత కారులో వెళ్దామంటే అక్కడ పార్కింగ్ దొరకదు. నల్ల టాక్సీలన్నిట్లోనూ కుర్చీ ఎక్కించే ర్యాంపు ఉంటుంది, దానికి అదనంగా డబ్బు అడగకూడదని చట్టం. అలా యూస్టన్ టాక్సీ క్యూలో మాకు చోటు ఖాయమైపోయింది.

ఈ టాక్సీలో చక్రాల కుర్చీ వెనక్కి తిరిగి ఉంటుంది. అంటే అత్తయ్య వీపు డ్రైవరు వైపు, ముఖం నా వైపు. మధ్యలో అద్దం. డ్రైవరు మైకు నొక్కితే చిన్న ఎర్ర లైటు వెలుగుతుంది, అప్పుడు అటూ ఇటూ మాటలు వినపడతాయి. ఆవిడకు మనిషి కనపడడు, గొంతే.

అత్తయ్య గురించి చెప్పాలి. తెనాలి స్టేషన్లో ఆటో ఎక్కి గంగానమ్మపేట వచ్చేలోపు ఆ అబ్బాయిది ఏ ఊరో, పెళ్లయిందో లేదో, పిల్లలెందరో, చిన్నదాన్ని ఏ బళ్లో వేశాడో అన్నీ కనుక్కునేవారు. దిగేటప్పుడు బేరం మళ్లీ మామూలే. నేను పూర్తిగా అటుపక్క. ఎక్కగానే ఫోన్ తీసి, అందులో ఏమీ లేకపోయినా చూసే రకం. "నీతో ప్రయాణం మూటతో ప్రయాణం లాంటిదే అమ్మాయ్" అనేవారు.

స్ట్రోక్ ఆ నోటినే పట్టుకుంది. అంతా అర్థమవుతుంది, మాట రాదు. "అదీ" అన్న ఒక్క మాట మిగిలింది. కాఫీ కావాలన్నా "అదీ", ఫ్యాన్ ఆపమన్నా "అదీ".

మొదటి నెలంతా మాటకారి డ్రైవర్లే తగిలారు. మంచివాళ్లే. ర్యాంపు వేస్తూ "మమ్ ఎలా ఉన్నారు?" అని ఆవిడ తలమీదుగా నన్ను అడిగేవారు. ఒకాయన నేరుగా ఆవిడతోనే మాట్లాడాడు గానీ ప్రశ్నా ఆయనదే, జవాబూ ఆయనదే. అత్తయ్య పెదవుల మీద మొదటి అక్షరం రూపం కట్టేలోపు ఆయన మూడో విషయంలో ఉండేవాడు. ఆవిడ పెదవులు మూసేసుకునేవారు. అది చూడటం నాకు చాలా కష్టంగా ఉండేది. అందరూ అలా కాదు. ఇంకొకాయన తన కుక్క సోఫా ఎలా కొరికేసిందో దారంతా చెప్పాడు, జవాబు అక్కర్లేని కథ. అత్తయ్య పడీపడీ నవ్వారు. అప్పటిదాకా మాటకారులంతా ఒకటే అనుకునేదాన్ని. జవాబు రాబట్టే మాట వేరు, ఊరికే పంచిపెట్టే మాట వేరు.

అక్టోబర్లో ఓ మంగళవారం యాభై ఏళ్ల మనిషి వచ్చాడు. "రైట్, లేడీస్" అన్నాడు, అంతే. మోకాళ్ల మీద కూర్చుని కుర్చీకి పట్టీలు బిగించి, అత్తయ్య ముఖంలోకి చూసి ఆగాడు. వెనక బండ్లు హారన్ కొడుతున్నా ఆగాడు. చాలాసేపటికి ఆవిడ "అదీ" అన్నారు. ఆయన తలూపి వెళ్లి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

సిగ్నల్ దగ్గర నేనే, నా జన్మలో మొదటిసారి, డ్రైవరుతో మాట కలిపాను. నోటితో పనిలేని ఉద్యోగమని ఇందులోకి వచ్చానన్నాడు. తీరా చూస్తే పరీక్షంతా నోటితోనేనట.

ఆ పరీక్ష పేరు నాలెడ్జ్. 1865 నుంచీ ఉంది. చేరింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్లలో ఉన్న దాదాపు 25,000 వీధులూ, వాటి మీది గుళ్లూ గోపురాలూ హోటళ్లూ అన్నీ బుర్రకెక్కాలి. దానికోసం 320 దారులున్న పుస్తకం ఉంటుంది. స్కూటర్ హ్యాండిల్‌కి మ్యాపు తగిలించుకుని తిరుగుతూ నేర్చుకుంటారు. మూడు నాలుగేళ్లు మామూలు. తర్వాత సూటు వేసుకుని పరీక్షకుడి ముందు కూర్చోవాలి. ఆయన ఇక్కణ్ణుంచి అక్కడికి అంటే, ఏ వీధిలో ఏ పక్కకి తిరగాలో మ్యాపు చూడకుండా గడగడా అప్పజెప్పాలి. మనవాళ్లు ఎక్కాలూ సహస్రనామాలూ అప్పజెప్పినట్టే. దీన్ని వాళ్లు కాలింగ్ ఓవర్ అంటారు. ఇద్దరేసి కూర్చుని సాధన చేస్తారు. ఈయన నాలుగేళ్లు వంటగది బల్ల దగ్గర స్నేహితుడితో చేశాడట. ఆ స్నేహితుడు మహా మాటకారి, తనకంటే రెండేళ్లు ఆలస్యంగా పాసయ్యాడని చెప్పి మొదటిసారి నవ్వాడు.

ఇంకో సంగతి. ఈ డ్రైవర్ల మెదడులో దారులు గుర్తుపెట్టుకునే హిప్పోకాంపస్ వెనక భాగం మామూలువాళ్లకంటే పెద్దదని 2000లో చెప్పిన ఎలినార్ మగ్వైర్ పనిచేసింది మేం వెళ్లే క్వీన్ స్క్వేర్లోనే. అంటే వాళ్ల మెదళ్లని చదివిన చోటికే వాళ్లు రోజూ జనాన్ని దింపుతుంటారు.

మా స్పీచ్ థెరపిస్టు అదే వారం చెప్పింది: మాట పోయినా చాలామందిలో అప్పజెప్పే అలవాటు మిగులుతుంది, అంకెలూ వారాలూ ప్రార్థనలూ లాంటివి. ఇంటికొచ్చి "ఒకటి, రెండు" అని అందిస్తే అత్తయ్య పది దాకా వెళ్లిపోయారు. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చి వచ్చాను.

మూడు వారాల తర్వాత అదే డ్రైవరు మళ్లీ దొరికాడు. ఆ పుస్తకంలో మొదటి దారి అప్పజెప్పమని అడిగాను. సిగ్గుపడ్డాడు గానీ మైకు నొక్కాడు. మేనర్ హౌస్ స్టేషన్ నుంచి గిబ్సన్ స్క్వేర్ దాకా, గ్రీన్ లేన్స్, బ్రౌన్స్‌వుడ్ రోడ్, బ్లాక్‌స్టాక్ రోడ్ అంటూ ఎత్తూపల్లం లేని గొంతుతో, బండి మాత్రం మా దారినే నడుపుతూ. అత్తయ్య కళ్లు మూసుకుని వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నారు. ఆ రాత్రి నేను తెనాలి వీధుల పేర్లు మొదలుపెట్టాను: స్టేషను, బోస్ రోడ్డు, గాంధీ చౌక్. వరస నాకు సరిగ్గా తెలీదు. ఆవిడకు తెలుసు, చెయ్యి అడ్డంగా ఊపి ఆపేశారు.

అపాయింట్‌మెంటయ్యాక రసెల్ స్క్వేర్ మూల మీద టీ తాగేవాళ్లం. అక్కడ ఆకుపచ్చ కొయ్య గుడిసె ఒకటుంది. గుర్రబ్బండి డ్రైవర్లు చలికి సారా కొట్లలోకి వెళ్లకుండా 1875 నుంచి కట్టించిన వాటిలో ఇప్పటికి మిగిలినవి 13. రోడ్డు మీద కడతారు కాబట్టి గుర్రమూ బండీ పట్టేంత కంటే పెద్దగా ఉండకూడదని నియమం. కిటికీలోంచి ఎవరైనా టీ కొనుక్కోవచ్చు, లోపల కూర్చునేది డ్రైవర్లే. తలుపు తెరుచుకున్నప్పుడల్లా తొంగిచూసేదాన్ని. ఒకడు చేతులు తిప్పుతూ చెబుతుంటాడు, నలుగురు నవ్వుతుంటారు, మూలన ఒకడు పేపరు దించడు. ఆ మూలాయన్ని మాట్లాడమని ఎవరూ పోరడం నేను చూళ్లేదు. మన పెళ్లిళ్లలో నాకెప్పుడూ దక్కని భాగ్యం.

తిరుగు ప్రయాణంలో అలసిపోతే మినీక్యాబ్. అందులో మనవైపు వాళ్లే ఎక్కువ. వాళ్ల మాటలు వేరు. ఇండియాలో ఎక్కడ, ఆయనేం చేస్తారు, అద్దెల్లా సొంతిల్లా, రాత్రిపూట ఒక్కరే వస్తుంటారా. నిజమైన కలుపుగోలు మనిషి ముందు తన సంగతి చెబుతాడు. తన గురించి ఏమీ చెప్పకుండా మన వివరాలే లాగుతుంటే నేను ఇంటికి రెండు తలుపుల ముందే దిగిపోతాను. అమెరికాలో ఊబర్ ఖరీదైన బండ్లకి 2019లోనే మౌనం కోరుకునే మీట పెట్టింది. మామూలు బండి ఎక్కేవాళ్లకే అది ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

డిసెంబర్ చివరి ప్రయాణంలో డ్రైవరు మళ్లీ మాటకారే. వాన గురించి చెబుతుండగా వెనక నుంచి "పిల్లలు?" అని వినపడింది. తెలుగులో, స్పష్టంగా. ఆయన ఆగి అద్దంలో నన్ను చూశాడు. చెప్పాను. ఇద్దరట. తర్వాత వాళ్ల గురించి క్వీన్ స్క్వేర్ దాకా ఆపలేదు.

ఇప్పుడు హారోలోనే థెరపీ, నేనే కారులో తీసుకెళ్తున్నాను. అత్తయ్య ముందు సీట్లో నా పక్కనే కూర్చుంటారు. రెండు సిగ్నళ్లు దాటినా నా నోరు పెగలకపోతే మోచేత్తో పొడిచి "అదీ" అంటారు. నేను కుక్కా సోఫా కథ మళ్లీ మొదలుపెడతాను.