కొండమీద సైకిలు

వేసవి సెలవులు వచ్చాయంటే మనవాళ్ళకు చల్లని కొండలు గుర్తుకొస్తాయి. తీరా కొండెక్కి చేసేదేమిటయ్యా అంటే, కారులో ఒక పాయింటు నుంచి మరో పాయింటుకు పోవడం, దిగి ఫోటో తీసుకోవడం, మొక్కజొన్న పొత్తు తిని మళ్ళీ కారెక్కడం! నామట్టుకు నాకు కొండ ఊరిని చూడడానికి సైకిలును మించిన వాహనం కనిపించదు.

"కొండమీద సైకిలా? గుండె ఆగిపోదూ!" అంటారు మీరు. ఆగనివాళ్ళూ ఉన్నారు. నీలగిరుల్లో 2008లో మొదలైన సైకిలు యాత్రకు ఎక్కడెక్కడివాళ్ళో వస్తారు. మసినగుడి నుంచి ఊటీకి పోయే కల్హట్టి ఘాటులో 36 హెయిర్‌పిన్ మలుపులు. అదీ చాలనివారికి మనాలీ నుంచి లేహ్ దారి ఉండనే ఉంది. అందులో తంగ్‌లంగ్ లా కనుమ 5,300 మీటర్లకు పైమాటే. సామాను మోసే బండి, గుడారాలు, వంటవాడు, ఎత్తుకు ఒళ్ళు అలవాటుపడేలా మజిలీలు—అన్నీ కుదిర్చి తీసుకుపోయే బృందాలున్నాయి. ఎక్కడం కంటే దిగడమే ప్రమాదమట. ఒకే బ్రేకు పట్టుకు కూర్చుంటే చక్రం అంచు వేడెక్కిపోతుంది. రెండూ మార్చి మార్చి పట్టాలి.

మాబోటి సంసారులకు కొడైకెనాల్ చాలు. 2,100 మీటర్ల ఎత్తున, ఊరి నడిబొడ్డున నక్షత్రంలాంటి చెరువు. దేవుడు తవ్విన చెరువు కాదది. మధుర కలెక్టరుగా పనిచేసిన లెవింజ్ దొర 1863లో కట్టించాడు. దాని చుట్టూ సుమారు 5 కిలోమీటర్ల రోడ్డు, ఇంచుమించు సమతలం. గట్టునే గంటల లెక్కన సైకిళ్ళు అద్దెకిస్తారు. ఇద్దరు తొక్కే జంట సైకిళ్ళూ ఉన్నాయి.

మేమూ జంట సైకిలే తీసుకున్నాం. ఒక చుట్టు తిరిగి దిగాక మా ఆవిడ, "అయిదు కిలోమీటర్లూ మీ వీపు తప్ప నాకేమీ కనిపించలేదండీ. నాకు వేరే సైకిలు ఇప్పించండి" అంది.

ఆమెకు సైకిలు రాదు. చిన్నప్పుడు అన్నగారికి సైకిలుండేది. ఈమె మూడు కిలోమీటర్లు నడిచి హైస్కూలుకు పోయేది. ఆడపిల్లకు సైకిలేమిటని వాళ్ళ బామ్మగారి శాసనం. ఇప్పుడు నలభై మూడేళ్ళు. రెండు కాళ్ళూ నేలకానేలా సీటు దించాను. మొదటిరోజు పెడలు జోలికి పోకుండా కాళ్ళతో నెట్టుకుంటూ పోవడమే. తెల్లవారి ఆరింటికే పోయేవాళ్ళం. ఎనిమిది దాటితే గుర్రాలు, కార్లు, హారన్లు! ఈ బండ్ల రద్దీకే కదా, హైకోర్టు చెప్పి 2024 మేలో ఈ-పాసు పెట్టించింది!

మూడోనాడు ఆమె పెడలు తొక్కింది. నేను వెనక సీటు పట్టుకుని పరుగు. అంత ఎత్తున గాలి మన మైదానాల్లోకంటే దాదాపు ఐదో వంతు పలచన. వంద గజాలకే నాకు రొప్పు వచ్చి చెయ్యి వదిలేశాను. ఆమె చూసుకోలేదు. యూకలిప్టస్ చెట్ల మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

ముప్పావు గంటకు గట్టుకు అటువైపు నుంచి వచ్చింది. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని ఉంది, ముక్కు ఎర్రబడి ఉంది. "అద్దె గంట అయిపోయిందా?" అని అడిగింది.

"ఇంకో పావుగంట ఉంది" అన్నాను.

"అయితే ఇంకో గంటకు డబ్బులు కట్టండి" అని తన చేతిసంచి నా ఒళ్ళో పడేసి వెళ్ళిపోయింది.